కిరాయి గద్దె

"గద్దె" ఆఖరి సీజన్‌కు కుర్చీలు నావే.
జడల రామన్న టెంట్ హౌస్, నార్కట్‌పల్లి,
అద్దంకి రోడ్డు మలుపుల, పంచర్ షాపు పక్కన.
నమ్మకపోతే తొమ్మిదో ఎపిసోడ్ ఆపి చూడు:
పరంధామయ్య ప్రమాణం చేస్తుంటే
మూడో వరుసల ఒక కుర్చీ వీపు మీద
"జడల రామ" దాక కనవడ్తది.
"న్న" మీద ఎవరో కండువ ఆరేసిన్రు.

ముఖ్యమంత్రి కుర్చీ సుత నాదే.
అది పెండ్లి రిసెప్షన్‌ది,
ఎర్ర మఖ్మల్, చేతుల మీద రెండు నెమళ్లు.
నెమళ్లు వద్దన్నడు డైరెక్టరు.
మా సైదులు స్క్రూలు ఇప్పి
ఏదో కాయితం సుట్టి గోనెసంచిల ఏసిండు.
నెమళ్లు పోంగనె
అది నిజంగ గద్దె లెక్కనే అయింది.
కొద్దిగ భయమైంది నాకు.
మొన్నటి దాక దాని మీద
కట్టంగూరు పిలగాడు సిగ్గుపడుకుంట ఐస్‌క్రీం తిన్నడు.

మీటింగు సీను చెర్వుగట్టు కింది బీడుల తీసిన్రు.
మనిషికి మున్నూరు, ఒక బిర్యాని పొట్లం,
పొద్దుగూకినంక ఆటోల దించుడు.
అసలు మీటింగులకు సుత గదే రేటు,
కాకపోతే గక్కడ గుడ్డు ఎయ్యరు.
జనాన్ని తోలుకొచ్చే మేస్త్రి గూడ ఒక్కడే.
ఏ పార్టీకి తాకకుండ
జెండలు వంకాయ రంగుల కుట్టిచ్చిన్రు.
"గీ పార్టీ ఎప్పుడొచ్చింది నాయిన?"
మర్రిగూడ ఇద్దమ్మ ఒక్కతే అడిగింది.

ఇద్దమ్మ నడుము ఫ్లోరైడు నీళ్లకు వంగింది,
నిలవడ్డా కూసున్నట్టే ఉంటది.
"అవ్వా, సారు నీ దగ్గరికొస్తడు.
కాయితం ఇయ్యి, ఏడ్వు" అన్నరు.
కట్టల నుంచి ఒకటి తీసి చేతిల పెట్టిన్రు.
ఆమె ఏడ్వలే.
"దీంట్ల ఏం రాసిలేదు గద బిడ్డా" అన్నది.
కట్.
మళ్ల.
మళ్ల.
నాలుగోసారి ఆక్టరు ఆమె చెయ్యి వట్టుకున్నడు.
ఆ వేళ్లు ముడుసుకున్నయి ముడుసుకున్నట్టే,
తెర్సుకోవు.
కాయితం గుంజాల్నా, ఇడువాల్నా తెల్వక
డైలాగు మర్సి నిలవడ్డడు.
గది బాగొచ్చిందన్నరు అందరు.
తర్వాత ఎడిటింగుల పోయిందట.

ఐదు సీజన్లు. ఒక గవర్నమెంటంత ఆయుష్షు.
మా అండాలు మిర్పకాయ తొడిమెలు తీస్కుంట
ఒక్క ఎపిసోడ్ ఇడువలే.
ఆఖరి దినం పరంధామయ్య ఓడలే, సావలే;
రాజీనామా మీద సంతకం వెట్టి
కుర్చీ దిక్కు ఒకసారి మర్రి చూసి
లైటు బందుజేసి పోయిండు.
అండాలు కారపు చేతులని మర్సి కండ్లు తుడ్సుకున్నది,
ఇగ ఆ ఏడ్పు వేరే.
నేను చూసింది ఒకటే:
ఎడమ చెయ్యి మీద, నెమలి ఊడిన కాడ
నాలుగు స్క్రూ బొక్కలు.
గంత పెద్ద రాజ్యంల ఎవ్వడు చూడలే.

"గట్ల ఎవడు పోతడు, లైటు బందుజేసి?"
అన్నడు సైదులు, నవ్వకుండ.

నా లెక్క నాకున్నది.
రెండు ఎలక్షన్ల కిరాయి రావాలె,
దాంట్ల ఒక పార్టీకి ఇప్పుడు ఆఫీసే లేదు.
సీరియలోల్లది పద్దెనిమిది వేల నాలుగు వందలు;
ఫోన్ జేస్తె
"సీజన్ అయిపోయింది గదన్నా" అంటరు.
అయిపోయినంకనే గద
బాకీ అనేది మొదలయ్యేది.

రేపు చిట్యాలల పెండ్లి.
సైదులు గోనెసంచి ఇప్పి నెమళ్లు బిగించిండు.
ఒకటి జరంత పక్కకు చూస్తది, చూడనియ్యి.
వాటికి సుట్టిన కాయితాలు ఇద్దమ్మకిచ్చిన కట్టలవే,
రెండు దిక్కుల తెల్లగున్నయి.
ఒకటి మోకాలు మీద సాపు జేసి
రేపటి సామాను రాసుకున్న:
కుర్చీలు నాలుగు వందలు,
డేగిసలు ఆరు,
గద్దె ఒకటి.